మొహమాటపు సంతకం

మా చిన్నప్పుడు విజయనగరంలో, దసరా ఊరేగింపులో ఏ వీధి గరిడి ముందు నడవాలన్నదాని మీద ఏటా తగువే. కర్రసాము చెయ్యాల్సినవాళ్ళు కర్రలు పక్కన పెట్టి నోటితో సాము చేసేవారు. కోడి రామ్మూర్తి నాయుడుగారు కసరత్తు చేసిన ఊరు మాది అని గొప్పలు చెప్పుకుంటూనే, ఒక గరిడి గురువు పేరు ఇంకో గరిడిలో ఎత్తనిచ్చేవారు కాదు. ఆ తగువు మళ్ళీ పార్సిప్పనీలో, అదీ ఒక కరాటే బడిలో చూస్తానని మాత్రం అనుకోలేదు.

2003లో మావాణ్ణి అందులో చేర్పించాం. రూట్ 46 మీద, లాండ్రోమాట్‌కీ పిజ్జా కొట్టుకీ మధ్య ఒక పొడుగాటి గది. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. వారానికి రెండు సాయంత్రాలు వాణ్ణి దింపి, నేను బెంచీ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకునేవాణ్ణి. ఒకరోజు గురువుగారు వచ్చి, "అక్కడ కూర్చుని నీ నడుం వంగిపోతోంది. వచ్చి లైన్లో నించో" అన్నారు. అలా నలభై ఒకటో ఏట తెల్ల బెల్టు కట్టాను. ఆ బట్టల్లో నన్ను చూసి మా ఆవిడ పావుగంట నవ్వింది.

గురువుగారు తెల్లాయన. కుర్రతనంలో మెరీన్స్‌లో చేరి, 1960లలో ఒకినావాలో ఉన్నప్పుడు విద్య నేర్చుకున్నారు. అమెరికాలో చాలాచోట్ల కరాటే పాతుకున్నది అలా తిరిగొచ్చిన సైనికుల వల్లే. గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం, లోపలికి రాగానే వంగి నమస్కారం, గురువు ఎదుట కాళ్ళు చాపకపోవడం... ఆఫీసులో మేనేజర్ని పేరు పెట్టి పిలవడానికే ఏడాది పట్టిన నాకు, ఆ గదిలోకి వెళితే సొంతూరికి వెళ్ళినట్టుండేది.

2007 చలికాలంలో ఆయనకి తుంటి ఆపరేషన్ అయింది. ఆయన తర్వాత ఎవరు అన్న ప్రశ్న అప్పుడే లేచింది. ఇద్దరు శిష్యులు. పెద్దాయన ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు, గురువుగారు చెప్పిందాంట్లో అక్షరం మార్చడు. చిన్నాయనకి లెక్కలు తెలుసు. స్కూలు నుంచి పిల్లల్ని తెచ్చే వ్యాను పెడదాం, బర్త్‌డే పార్టీలు చేద్దాం, బెల్టు పరీక్షలు తరచుగా పెడదాం, లేకపోతే పెరిగిన అద్దె ఎక్కడినుంచి వస్తుందంటాడు. నిజం చెప్పొద్దూ, ఇద్దరి మాటలోనూ న్యాయముంది. కానీ ఆ మాటలు గదిలో ఎవరూ అనలేదు. అన్నీ పార్కింగ్ లాట్‌లో, కారు ఇంజన్లు ఆపకుండా, అద్దాలు సగం దించి మాట్లాడుకున్నవే.

నన్ను ఆ బడికి పరిచయం చేసింది మా పక్క వీధి తెలుగు అన్నగారు. పిల్లల్ని వంతులవారీగా తీసుకెళ్ళేవాళ్ళం. ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. గోంగూర పచ్చడి, ఉలవచారు అయ్యాక ఒక కాగితం తెచ్చి, "తమ్ముడూ, పేరెంట్స్ అందరం పెడుతున్నాం, మనవాళ్ళు కూడా ఉంటే బావుంటుంది" అన్నారు. మొదటి పేరా చదివాను. మొహమాటం. అన్నం పెట్టిన చేత్తోనే పెన్ను కూడా ఇచ్చారు. సంతకం పెట్టేశాను.

రెండో పేరాలో, గురువుగారు పిల్లలకి సురక్షితంగా నేర్పే స్థితిలో లేరని రాసి ఉంది.

ఇదంతా మన తెలుగువాళ్ళ పేటెంటే అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. తానా ఉండగా 1990లో ఆటా వచ్చింది, ఆ తర్వాత నాట్స్, నాటా. జోకులు వేసుకోవడం మనకి అలవాటే. మనసు కుదుటపడక చదవడం మొదలుపెడితే తెలిసింది. కరాటేని జపాన్‌లో ప్రచారం చేసిన ఫునకోషి 1957లో పోతే, అంత్యక్రియలు ఎవరు జరిపించాలన్నదగ్గర శిష్యులు రెండుగా చీలారు. ఐకిడో స్థాపకుడు 1969లో పోయిన అయిదేళ్ళకి ఆయన ముఖ్యశిష్యుడు విడిపోయాడు. టైక్వాండోకి 1966లో ఒక అంతర్జాతీయ సంస్థ, 1973లో ఇంకోటి. అనాదిగా వస్తున్నాయనుకున్న ఈ ర్యాంకులు కూడా జూడో వాళ్ళు 1880లలో మొదలుపెట్టినవి, కరాటేలోకి 1924లో వచ్చాయి. ఓదార్పుగా ఉందేమో అనుకున్నాను గానీ, ఆ వరసలో నా సంతకం కూడా చేరిందన్న సంగతి ఎక్కడికి పోతుంది?

పై వారం క్లాసుకి ముందు గురువుగారు చేతికర్ర పట్టుకుని నా దగ్గరకి వచ్చారు. జేబులోంచి ఆ కాగితం నకలు తీసి, "ఇది నీదేనా?" అన్నారు.

"అవును."

"నా వల్ల ఏ పిల్లాడికైనా దెబ్బ తగలడం నువ్వు చూశావా?"

"లేదు."

"సరే. లైన్లో నించో."

అంతే. ఆ రోజు కూడా ఎప్పటిలాగే, నేను గుద్దు విసిరినప్పుడు పైకి లేచే నా కుడి భుజాన్ని రెండు వేళ్ళతో నొక్కి కిందికి దించారు. తిట్టినా బావుండేది.

మర్నాడు ఇంకో ఉత్తరం రాశాను. నేను చూడనిదాని మీద సంతకం పెట్టాను, వెనక్కి తీసుకుంటున్నాను అని. ఒకటి చిన్నాయన చేతికి, ఒకటి గురువుగారి చేతికి నేనే ఇచ్చాను. గురువుగారు చదివి, మడిచి, "ఆలస్యమైంది. అయినా సరే" అన్నారు. అన్నగారు మాత్రం, "నలుగుర్లో నా పరువు తీశావు" అని ఫోన్ పెట్టేశారు. వంతులు ఆగిపోయాయి.

వేసవికల్లా చిన్నాయన ఇంకోచోట గది తీసుకున్నాడు. పిల్లల్లో ముప్పాతిక మంది అటు వెళ్ళారు. మావాడు బ్లాక్ బెల్టు పరీక్షకి ఇంకో ఆరు నెలల దూరంలో ఉన్నాడు. ఎటు వెళతావని అడిగితే, "నా ఫ్రెండ్స్ అక్కడ, సెన్సే ఇక్కడ" అని, ఎటూ వెళ్ళకుండా స్కూల్లో పరుగు పందాల జట్టులో చేరాడు. నేను బతిమాలాను. బతిమాలే హక్కు నాకు ఎంతుందో వాడు అడగలేదు, మంచివాడు కాబట్టి.

మిగిలిన అయిదారుగురం గురువుగారితోనే ఉన్నాం. 2009లో అద్దె కట్టలేక ఆ గది మూసేసేదాకా.

అన్నగారూ నేనూ ఇప్పుడు ఇండియన్ షాపులో ఎదురైతే పలకరించుకుంటాం, బెండకాయల ధర గురించి. మొన్న గరాజ్ సర్దుతుంటే మావాడి బ్రౌన్ బెల్టు కనిపించింది. ఫొటో తీసి సియాటిల్‌కి పంపాను. "పారెయ్యకు నాన్నా" అని జవాబిచ్చాడు. మడిచి మళ్ళీ అదే పెట్టెలో పెట్టాను.