ఏ ఊరిలో ఇల్లు? – ఆస్ట్రేలియా పట్టణములలో మేము చూచినవి

కుమారుడు సిడ్నీలో, కుమార్తె పెర్త్‌లో ఉన్న తల్లిదండ్రులు నేడు మన పల్లెలలోను ఉన్నారు. "అక్కడ ఇల్లు కొనుటకు ఇక్కడి పొలము అమ్మవచ్చునా? ఏ ఊరిలో కొంటే మేలు?" అని అనేకులు మమ్మును అడుగుచున్నారు. బంధువుల ఇండ్లలో ఉండి ఆ దేశములో ఐదు పట్టణములు చూచి వచ్చాము గనుక, మాకు తెలిసినంత వరకు వ్రాయుచున్నాము.

మొదట సిడ్నీ. 1932లో తెరచిన హార్బర్ వంతెన, 1973లో ప్రారంభమైన ఆపెరా హౌస్ కన్నులపండుగగా ఉండును. అయితే ఆ తీరమున కాపురముండుట సామాన్యులకు సాధ్యము కాదు. మనవారిలో చాలమంది పడమటనున్న పారమట్టా, వెస్ట్‌మీడ్, బ్లాక్‌టౌన్ వైపు ఉండి రైలులో పనికి పోవుచున్నారు. రాజధానులన్నిటిలో ఇండ్ల ధర ఎక్కువ ఇక్కడే. పెరడు గల మధ్యరకపు ఇల్లు 10 లక్షల డాలర్లకు మించియే పలుకును. జీతము పెద్దదే, దానిని మ్రింగు ఖర్చును పెద్దదే.

అక్కడికి రోడ్డున సుమారు 880 కిలోమీటర్లు మెల్బోర్న్. ప్రపంచములోకెల్ల పెద్ద ట్రాము మార్గము, సుమారు 250 కిలోమీటర్లు, ఇక్కడ ఉన్నది. నడిబొడ్డున టికెట్టు లేకుండనే ట్రాము ఎక్కవచ్చును. పడమట టార్నీట్, పాయింట్ కుక్ వైపు ఒకప్పటి బీడు భూములు నేడు వరుస ఇండ్లతో నిండినవి. వీధిలో తెలుగు మాట వినిపించును. కాని ఇండ్లు వచ్చినంత త్వరగా రోడ్లు, రైళ్లు రాలేదు. ఉదయము కారులు బారులు తీరి నిలుచును.

అడిలైడ్ నెమ్మదియైన ఊరు. 1836లో ఏర్పడిన ఆ వలస రాజ్యమునకు ఖైదీలను పంపలేదు. వేర్వేరు సంఘములవారు స్వేచ్ఛగా వచ్చి ఆలయములు కట్టుకొన్నారు గనుక దానికి చర్చీల పట్టణమని పేరు. ఊరి చుట్టు పచ్చని తోటలు. పనికి పోవు దూరము తక్కువ, అయితే పెద్ద పట్టణములతో పోల్చగా ఉద్యోగములును తక్కువే.

పెర్త్ పడమటి అంచున ఒంటరిగా ఉన్నది. గనులే దాని బ్రతుకు. మన గడియారమునకు రెండున్నర గంటలు మాత్రమే ముందు గనుక తల్లిదండ్రులతో మాటలాడుట సులభము. గనుల జోరు తగ్గిన తరువాత, 2014 మొదలు కొన్నియేండ్లు అక్కడ ఇండ్ల ధరలు పడిపోయినవి. 2020 తరువాత వేగముగా లేచినవి. "ఇంటి ధర ఎప్పుడును పెరుగునే గాని తరుగదు" అనువారు పెర్త్‌ను జ్ఞాపకముంచుకొనవలెను.

బ్రిస్బేన్‌లో చలి తక్కువ. 2032లో ఒలింపిక్ క్రీడలు జరుగనున్నవి గనుక అందరి చూపు దానిపైనే. కాని అక్కడి నది 1974, 2011, 2022 సంవత్సరములలో పొంగి ఇండ్లను ముంచినది. 2024లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడను చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఇల్లు చూచుటకు ముందు ఆ వీధి వరద పటము చూడవలెను.

ఇక కొనువారు తెలిసికొనవలసిన సంగతులు. అద్దె నెలకు కాదు, వారమునకు చెప్పుదురు. శనివారము వేలములో పాట మీదైనచో వెనుకకు తీసికొనుటకు వీలులేదు. రాష్ట్రమునకు స్టాంపు సుంకము కట్టవలెను. 2022 మే ఆరంభము వరకు 0.10 శాతమున్న అక్కడి రిజర్వు బ్యాంకు వడ్డీ 2023 నవంబరు నాటికి 4.35 శాతమైనది. దానితోపాటు ఇంటి అప్పుల వాయిదాలు ఎంతో పెరిగినవి. అన్నిటికంటె ముఖ్యము: విద్యార్థులు మొదలగు తాత్కాలిక వీసా గలవారు, విదేశీయులు, పాత ఇండ్లు కొనకుండ 2025 ఏప్రిల్ 1 నుండి 2027 మార్చి 31 వరకు ప్రభుత్వము నిషేధము పెట్టినది. మినహాయింపులు కొద్ది. పొలము అమ్మి డబ్బు పంపినను, వీసా స్థిరపడనిచో ఆ డబ్బుతో అటువంటి ఇల్లు చేతికి రాదు.

2024లో బ్రిస్బేన్, అడిలైడ్, పెర్త్ మూడును ఇండ్ల ధరలో మెల్బోర్న్‌ను దాటినవి. పదేండ్ల క్రితము ఎవరును అట్లు తలంచలేదు. కాబట్టి ధర ఏ ఊరిలో పెరుగునో ముందుగా చెప్పగలవారు లేరు. మరియు ధర పెరిగినదనగా అమ్మి వెళ్లువానికే లాభము. అదే ఊరిలో మరియొకటి కొనవలెనంటే అదియు పెరిగియుండును.

తల్లిదండ్రులారా, బిడ్డలను అడుగవలసినది "ఏ ఊరు పెరుగును?" అని కాదు. పని స్థిరమా? వీసా స్థిరమా? వాయిదా కట్టిన తరువాత ఇంటిలో ఏమి మిగులును? ఈ మూటికిని జవాబు దొరికిన ఊరే మంచి ఊరు. అంతవరకు అద్దె ఇంట ఉండుట అవమానము కాదు. అక్కడ ఇల్లు ఆలస్యమైనను మరల దొరకును. అమ్మిన పొలము మరల దొరకుట కష్టము.