బలవంతుల గుంపుకి పెద్ద ఎవరు?

కామిక్ పుస్తకాల వీరుల్లో ఉత్తమ నాయకుడెవరన్న వాదన మా తమ్ముడికీ నాకూ మధ్య ఏళ్ళ తరబడి నడుస్తోంది. వాడిది బ్యాట్‌మాన్ పక్షం. వ్యూహరచనలో అతణ్ణి మించినవాడు లేడంటాడు. కాదనను. కానీ 2000లో వచ్చిన 'టవర్ ఆఫ్ బేబెల్' కథ చదివాక కూడా ఆ మాట ఎలా అనగలుగుతున్నాడో నాకు అంతుబట్టదు. జస్టిస్ లీగ్‌లోని తన సహచరులను ఒక్కొక్కరినీ ఎలా నిర్వీర్యులను చేయాలో బ్యాట్‌మాన్ రహస్యంగా రాసిపెట్టుకుంటాడు. ఆ పత్రాలు కాస్తా శత్రువు చేతికి చిక్కుతాయి. చివరికి సహచరులే వోటు వేసి అతణ్ణి బయటికి పంపుతారు. ముందుజాగ్రత్త తప్పా అంటాడు తమ్ముడు. తప్పు కాదు. కాకపోతే, తన పేరు మీద కూడా అటువంటి కాగితం ఒకటుందని తెలిశాక వెనక నడిచేవాడికి అడుగు పడుతుందా?

సూపర్‌మాన్ గురించి పెద్దగా చెప్పుకోనక్కరలేదు. అన్నీ తానే చేయగలవాడికి జట్టుతో పనేమిటి!

నా వోటు కెప్టెన్ అమెరికాకి. అయితే 1941 నాటి తొలి సంచిక ముఖచిత్రం మీద హిట్లర్ దవడ పగలగొడుతూ కనిపించే కెప్టెన్‌కి కాదు. 1965లో, అవెంజర్స్ పదహారో సంచికలో ఎదురయ్యే కెప్టెన్‌కి. ఐరన్‌మాన్ వంటి మహాబలులు సెలవు తీసుకుని వెళ్ళిపోతారు. మిగిలినది ఈయనా, కొత్తగా చేరిన హాక్‌ఐ, క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్‌లూ. ఆ ముగ్గురూ మొన్నటిదాకా అవతలి పక్షాన నిలిచి పోరాడినవారే. ఒకడిది గురితప్పని విల్లు, ఒకడిది వాయువేగం, ఆమెది మాయాశక్తి. ఈయన చేతిలో ఉన్నది ఒక డాలు. పైపెచ్చు, పెద్దరికం నాకే దక్కాలని హాక్‌ఐ అడుగడుగునా సణుగుతూనే ఉంటాడు. కెప్టెన్ వాణ్ణి తరిమెయ్యడు, ఉంచుకుంటాడు.

నాకన్నా చురుకైన నలుగురున్న జట్టుకి నన్ను పెద్దను చేసిన ఏడాది ఈ పాత కథలను మళ్ళీ తిరగేశాను. (ఆఫీసులో పుస్తకం అట్ట కనపడకుండా జాగ్రత్తపడ్డాననుకోండి.) మాటకి మాట ఎదురుచెప్పే కుర్రవాడొకడు ఆ నలుగురిలోనూ ఉండేవాడు. అతణ్ణి వేరే జట్టుకి మార్చమని పైవారు అడిగినప్పుడు నేను ఒప్పుకోలేదు.

తమ్ముడి దగ్గర 'సివిల్ వార్' అనే బ్రహ్మాస్త్రం ఒకటుంది. 2007లో ముగిసిన ఆ కథలో, గెలుపు అందబోయే వేళ సామాన్య జనం వచ్చి కెప్టెన్ మీద పడి ఆపుతారు. చుట్టూ ధ్వంసమైన నగరాన్ని చూసి ఆయన లొంగిపోతాడు. తనను నమ్మి వచ్చినవారిని ఒక్క మాటైనా అడగడు. "ఇదేనా నాయకత్వం?" అంటాడు తమ్ముడు. జనం కోసం మొదలుపెట్టిన పోరు జనాన్నే నలిపేస్తుంటే ఆపడమే ధర్మమని నేనంటాను. అయినా ఆ అడగకపోవడం దగ్గర నాకూ కొంత ఇబ్బందిగానే ఉంటుంది.

మొన్న మా మరదలు ఈ గోలంతా విని, "బావగారూ, మీ ఇద్దరికీ స్టార్మ్ కనబడనే లేదా?" అంది. నిజమే. మేఘాలను ఆడించే శక్తి పోగొట్టుకుని మామూలు మనిషిగా మిగిలాక, 1986 నాటి ఎక్స్-మెన్ 201వ సంచికలో సైక్లాప్స్‌ని ఓడించి జట్టు పగ్గాలు నిలబెట్టుకున్నది ఆమే. తమ్ముడు అది ద్వంద్వయుద్ధమే గానీ నాయకత్వం కాదని మొదలుపెట్టాడు. అన్నం చల్లారిపోయేదాకా వాళ్ళిద్దరి వాదన తెగలేదు.