పలకకు కాస్త చోటు

తొలకరి పడ్డ వారానికల్లా మన పాత ఇళ్లలో ఏదో ఒక తలుపు మొరాయిస్తుంది. రోహిణి ఎండల్లో వేలితో తోస్తే మూసుకున్న తలుపే ఆరుద్ర కార్తె వచ్చేసరికి భుజం పెట్టి నెట్టాల్సి వస్తుంది. "వానకి ఉబ్బిందిలే" అనేసి మన పని మనం చూసుకుంటాం. ఇంటి వెనక రేకుల షెడ్డులో సెలవు రోజుల్లో చెక్కపని చేసుకుంటాను నేను. వడ్రంగంలో సగం ఆ ఒక్క మాటలోనే ఉందని గ్రహించడానికి ఏళ్లు పట్టింది. గ్రహించాక చెక్క కొనే తీరు, కోసే తీరు, అతికే తీరు అన్నీ మారిపోయాయి.

చెట్టు కొట్టేసినా చెక్క పని అయిపోదు. గాలిలో తేమ పెరిగితే తాగుతుంది, తగ్గితే వదిలేస్తుంది. పచ్చి దుంగ ఆరేటప్పుడు ముందు పోగుల లోపలి బోలులో ఉన్న నీరు పోతుంది. అప్పటిదాకా కొలతలో మార్పుండదు. తేమ సుమారు 30 శాతం కిందికి దిగి, పోగుల గోడల్లో పట్టుకున్న నీరు కూడా పోవడం మొదలైతే అప్పుడు ముడుచుకుంటుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. నిలువునా మార్పు దాదాపు కనిపించదు. అడ్డంగానే అంతా. పచ్చి టేకు పూర్తిగా ఎండితే చేవ నుంచి బెరడు దిక్కుగా 2.5 శాతం, వలయాల వెంబడి 5.8 శాతం తగ్గుతుందని కలప శాస్త్రం లెక్క. ఇంట్లో ఉన్న చెక్కకు అంత తేడా రాదు. అయినా రెండడుగుల వెడల్పున్న టేకు బల్లపలక ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు కదలగలదు. టేకు నెమ్మదైన చెక్క కాబట్టి అంతే. చాలా చెక్కలు ఇంతకన్నా ఎక్కువే కదులుతాయి.

ఈ లెక్కలు నేను తర్వాత చదువుకున్నవి. పాఠం మాత్రం రాజమండ్రిలో, మా వీధి చివర పెద్ద ఆచారిగారి పందిరి కింద దొరికింది. ఆయన ఒక భోజనాల బల్ల పూర్తి చేస్తున్నారు. పలకను బోర్లా వేసి, దాని మీద కాళ్ల చట్రం పెట్టి స్క్రూలు బిగించే దశ. చట్రంలో స్క్రూలకు వేసిన రంధ్రాలు అప్పటికే చక్కగా, గుండ్రంగా ఉన్నాయి. ఆయన సన్నటి ఆకురాయి తీసుకుని ఒక్కో రంధ్రాన్నీ పలక వెడల్పు దిక్కుగా అటూ ఇటూ రాస్తూ కోలగా సాగదీస్తున్నారు. మధ్యలో ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోలేదు. గుండ్రటి రంధ్రాలను అలా ఎందుకు వదులు చేస్తున్నారని అడిగాను.

"మధ్యది పట్టుకుంటదండి. పక్కవి దారిస్తాయి," అన్నారు. ఇంకో రెండు రంధ్రాలు రాశాక, "దానికి కాస్త చోటివ్వాలండి బాబూ. మనం ఇవ్వకపోతే అదే చేసుకుంటది, పగిలి," అన్నారు.

గట్టిగా ఉండాలంటే గట్టిగా బిగించాలనే మనమంతా అనుకుంటాం. ఆయన చేసే బల్లలు మనవల కాలానికీ నిలుస్తాయని ఊళ్లో పేరు. అవి నిలిచేది ఆ కోల రంధ్రాల వల్ల. అవతలివాడికి అవి ఎప్పటికీ కనిపించవు. బల్లను తలకిందులు చేసి చూసేవాడెవడు?

ఆ తర్వాత మా ఇంటి పాత తలుపు నాకు కొత్తగా కనిపించింది. నాలుగు వైపులా నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు. వాటి మూలల్లో కుసి దూర్చి వెదురు చీల కొట్టారు. పట్టీల లోపలి అంచున గాడి తీసి, మధ్య పలకను ఆ గాడిలోకి జార్చారు. పలకకు జిగురు లేదు, మేకు లేదు. పట్టీలు పొడవుగా, సన్నగా ఉంటాయి కనుక పెద్దగా మారవు. వెడల్పాటి పలక మాత్రం గాడిలో తన ఇష్టం వచ్చినట్టు పెరిగి తగ్గుతుంది. మే నెలలో ఇలాంటి తలుపు దగ్గరికెళ్లి చూడండి. పలక అంచు వెంబడి పాలిష్ అంటని సన్నటి గీత ఒకటి బయటపడుతుంది. వానాకాలంలో పాలిష్ వేసినప్పుడు గాడిలో దాక్కున్న భాగం అది. సెప్టెంబరుకు మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. అందుకే నేను ఇప్పుడు పలకకు నూనె పట్టించడం అయ్యాకే చట్రంలో ఎక్కిస్తాను.

ఎడ్లబండి చక్రం చేసినవారికి ఇది ఇంకా బాగా తెలుసు. బొడ్డు, ఆకులు, పూటీలు కూర్చాక, ఇనుప పట్టాను పిడకల మంటలో కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తారు. ఇనుము చల్లబడి ముడుచుకుని చక్రాన్ని బిగిస్తుంది. ఎండలకు చెక్క ఆరి పట్టా వదులైతే రైతు చక్రాన్ని చెరువులో నానబెడతాడు. అప్పుడు బిగించేది ఉబ్బిన చెక్క. ఇనుము వేడికి కదులుతుంది, చెక్క తేమకు కదులుతుంది. రెండు స్వభావాలనూ ఒకే చక్రంలో పనికి పెట్టిన ఈ ఆలోచన కంటే గొప్ప ఇంజనీరింగు నాకు ఊళ్లలో మరొకటి కనబడలేదు.

ఇప్పుడు నా షెడ్డులో పని ఎలా సాగుతుందో చెబుతాను, కొత్తగా మొదలుపెట్టేవారికి పనికొస్తుంది. కూల్చేసిన ఇళ్ల నుంచి వచ్చే పాత టేకు దొరికితే అదే తెచ్చుకుంటాను. దశాబ్దాలుగా ఆరిన చెక్క అది, ధర కూడా కొత్తదానికన్నా తక్కువ. కానీ దాన్ని చిత్రిక పట్టే ముందు విరిగిన మేకుల కోసం అంగుళం అంగుళం తడిమి చూడాలి. ఒక్క తుప్పు మేకు చాలు, బ్లేడు అంచు పోతుంది. తెచ్చిన పలకను వెంటనే కొయ్యను. పలకకూ పలకకూ మధ్య సమానమైన బద్దలు పెట్టి, గాలి నాలుగు వైపులా తిరిగేలా పేర్చి కొన్ని వారాలు వదిలేస్తాను. కలప డిపో గాలి వేరు, మా ఇంటి గాలి వేరు. పచ్చి చెక్కయితే కొసలకు రంగు పూస్తాను. కొసల నుంచి తేమ చాలా వేగంగా పోతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

తర్వాత పలక కొస చూస్తాను. అక్కడ వలయాలు విల్లులా వంగి ఉంటే ఆ పలక ఆరినకొద్దీ బెరడు వైపు గుంట పడుతుంది, చేవ వైపు ఉబ్బుతుంది. ఏ ముఖం పైకి రావాలో ఆ కొసను చూసే నిర్ణయించుకోవాలి. వలయాలు నిటారుగా నిలబడి ఉన్న పలక దొరికితే దాన్ని దాచి పెట్టుకుంటాను, సొరుగు పక్కలకు దాన్ని మించింది లేదు. చిత్రిక రెండు ముఖాలకూ పట్టాలి, నూనె కూడా రెండు ముఖాలకూ. కనిపించే వైపు మాత్రమే పూసి అడుగు వదిలేస్తే ఒక వైపు తేమ ఎక్కువ తాగుతుంది, పలక వంపు తిరుగుతుంది. నూనె డబ్బాలో పావువంతు మిగిల్చుకుందామనే ఆశ ఇక్కడ పనికిరాదు.

జిగురు విషయం కూడా. ఒకప్పుడు సరేసు ఉడికించి అతికేవారు, 1959లో ఫెవికాల్ వచ్చాక తెల్ల జిగురు ఇంటింటికీ చేరింది. పోగుకు పోగు వరసగా కలిసే అంచులకు ఆ జిగురు అద్భుతం, అతుకు చెక్కకన్నా గట్టిది. కానీ వెడల్పాటి పలకకు అడ్డంగా ఒక బద్ద వేసి కొస నుంచి కొసకు జిగురు రాస్తే, జిగురు ఎంత మంచిదైతే పగులు అంత ఖాయం. మధ్యలో రెండంగుళాలు రాసి వదిలేయండి.

ప్లైవుడ్‌తో నాకు తగువు లేదు. పలచని పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికించి చేస్తారు కనుక అది కదలదు, వంటింటి అల్మరాకు అదే సరైనది. నా బాధ వేరు. ప్లైవుడ్‌తోనే పని నేర్చుకున్న కుర్రాళ్లకు గాడిలో వదులుగా నిలబెట్టే పలక అంటే తెలియడం లేదు. అచ్చమైన టేకు చేతికొచ్చినా ప్లైవుడ్‌లాగే నాలుగు అంచులూ మేకులతో దిగ్గొడుతున్నారు. ఏడాది తిరిగేసరికి పలక నిలువునా చీలితే "కలప మంచిది కాదు" అంటున్నారు. కలపది తప్పు కాదు. తరాలుగా చేతుల్లో ఉన్న తెలివి ఒక్క తరంలో జారిపోతోంది, నాకు అది నిజంగా నష్టంగా కనిపిస్తుంది.

మీ వీధిలో చెక్కపని తెలిసిన పెద్ద మేస్త్రి ఇంకా ఉంటే, ఆయనకు ఏడాదికి ఒక్క పనైనా అచ్చమైన చెక్కతో అప్పజెప్పండి. దేవుడి పీటైనా సరే, పుస్తకాల బీరువా తలుపైనా సరే. త్వరగా కావాలని తొందర పెట్టకండి. ఆయన పని చేసే రోజుల్లో మీ పిల్లల్ని కాసేపు పక్కన కూర్చోనివ్వండి, అడగాల్సినవి వాళ్లే అడుగుతారు.