తీసేయడానికి నాకు హక్కు లేనిది

మా సంఘంలో ఆదివారం ఆరాధన నుంచి పాపపు ఒప్పుకోలునూ, దాని వెంటనే అయ్యగారు చెప్పే క్షమాపణ ప్రకటననూ తీసేయించింది నేనే. అప్పుడు నేను సంఘ కార్యదర్శిని. గుంటూరు జిల్లాలో మిషనరీల కాలం నుంచీ ఉన్న లూథరన్ సంఘం మాది. పక్క వీధిలో రేకుల షెడ్డులో మొదలైన ఒక స్వతంత్ర సంఘం చూస్తుండగానే పెద్ద హాలు కట్టుకుంది. మా కుర్రాళ్ళు పొద్దున మా గుడికి వచ్చి, సాయంత్రం అక్కడికి వెళ్ళేవారు. కొన్నాళ్ళకు పొద్దున రావడం కూడా మానేశారు. నాకు భయం వేసింది. ఆ భయంలో చేసిన పనుల గురించే ఇది రాస్తున్నాను.

కమిటీలో నా వాదన తేలిగ్గానే నెగ్గింది. పుస్తకం చూసి చదివే ఆరాధనలో ఆత్మ ఎక్కడుంటుందన్నాను. ప్రతివారం అదే ఒప్పుకోలు, అదే విశ్వాస ప్రమాణం అయితే పిల్లలు ఎందుకొస్తారన్నాను. అయ్యగారు కాస్త తటపటాయించారు గానీ, జనం పోతున్నారంటే ఎవరు మాత్రం ఎదురు చెప్తారు? ఒప్పుకోలూ విశ్వాస ప్రమాణమూ ఉన్నచోట అరగంట స్తుతి పాటలు వచ్చాయి. కీబోర్డు, ప్యాడ్స్, గోడ మీద ప్రొజెక్టర్ వచ్చాయి. ఏ ఆదివారానికి ఏ వాక్యభాగం చదవాలో చెప్పే పట్టిక పోయి, ప్రసంగించేవారికి ఆ వారం తోచిన అంశమే వాక్యమైంది. ప్రభు సంస్కారం మిగిలింది గానీ, పాటలకు పోగా మిగిలిన టైములో గబగబా అయిపోయేది.

కొందరు కుర్రాళ్ళు తిరిగి వచ్చారు కూడా. అందుకే నా తప్పు నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

మా సంఘంలో ఒకావిడ ఉంది. మిరప కోతలకూ, పత్తి తీతకూ వెళ్ళే మనిషి. చదువు రాదు. పాత క్రమంలో అందరికన్నా ముందు వినిపించేది ఆవిడ గొంతే. ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, సంస్కారానికి ముందు సంఘం చెప్పే జవాబులు, అన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. ప్రొజెక్టర్ వచ్చాక ఆవిడ నోరు మూతపడింది. నెలకు రెండు మూడు కొత్త పాటలు, ఆ పాటలేమో గోడ మీద అక్షరాల్లో. ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాడేవాళ్ళ మొహాలు చూస్తూ కూర్చునేది. నేనది చూశాను. చూసి కూడా, అలవాటైపోతుందిలే అనుకున్నాను.

ఆవిడ కూతురు యువజనుల్లో ముందుండి పాడే పిల్ల. నేనే పట్టుబట్టి పిలిపించిన ఒక ప్రసంగీకుడు ఉజ్జీవ కూటంలో, ఊహ తెలియని వయసులో నెత్తిన పోసిన నీళ్ళు బాప్తిస్మమే కాదని చెప్పి వెళ్ళాడు. ఆ మాట పిల్ల మనసులో దిగబడిపోయింది. తాను రక్షణలో ఉందో లేదో తెలియక నలిగిపోయింది. చివరికి వేరే సంఘంవాళ్ళతో వెళ్ళి, కాలవలో మళ్ళీ బాప్తిస్మం తీసుకుంది.

తల్లి మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల పుట్టినప్పుడు బతకదన్నారట. ఆస్పత్రికే అయ్యగారిని పిలిపించి బాప్తిస్మం ఇప్పించారట. "బాబూ, ఆ రోజు నా బిడ్డని దేవుడు పట్టుకోలేదంటారా? మరి నేనెవరి చేతిలో పెట్టినట్టు?" అని అడిగింది. "అదీ మంచిదే, ఇదీ మంచిదేనమ్మా" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది. లూథరన్ సంఘానికి కార్యదర్శినై ఉండి, ఒక తల్లి అడిగిన ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాతే, కన్ఫర్మేషన్ కోసం బట్టీపట్టి మరచిపోయిన లూథర్ చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం మళ్ళీ తీశాను. 1528లో శాక్సనీ పల్లెల్లో సంఘాలను తనిఖీ చేయడానికి వెళ్ళిన లూథర్, జనానికి పది ఆజ్ఞలూ ప్రభువు ప్రార్థనా కూడా సరిగా రావనీ, చాలామంది పాస్టర్లకే బోధించడం చేతకాదనీ చూసి కుమిలిపోయాడు. ఇంటి పెద్ద తన పిల్లలకూ పనివాళ్ళకూ నోటితో చెప్పి నేర్పేలా 1529లో ఆ పుస్తకం తెచ్చాడు. 1740లలో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్ట్జ్ అచ్చు వేయించిన తెలుగు పుస్తకాల్లో అదీ ఒకటి. చదువురాని మనిషి కంఠతా పట్టి, పొలంలోనూ మంచం మీదా గుర్తుచేసుకోవడానికే అదంతా పుట్టింది. నేను విసుగని తీసేసినవాటిలో ఆవిడకున్న ఆస్తి ఉంది.

అదే 1529లో వచ్చిన లూథర్ పెద్ద ప్రశ్నోత్తరాల్లో ఆ తల్లికి జవాబు కూడా ఉంది. బాప్తిస్మం నిలబడేది దేవుని మాట మీద, మన విశ్వాసం ఎంత గట్టిదన్నదాని మీద కాదని లూథర్ అక్కడ వాదిస్తాడు. విశ్వాసం బాప్తిస్మాన్ని తయారు చేయదు, అందుకుంటుంది.

ఈ పొరపాటు నాకంటే ముందే పెద్దవాళ్ళు చేశారని చరిత్ర చదివాక తెలిసింది. 1855లో అమెరికాలో శామ్యూల్ ష్ముకర్ అనే లూథరన్ పండితుడు, అక్కడి ఉజ్జీవ కూటాల వాతావరణానికి సరిపడేలా లూథరన్ సంఘాలకు ఆధారమైన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటననే సవరించాలని ప్రతిపాదన తెచ్చాడు. బాప్తిస్మంలో తిరిగి జన్మించడం, సంస్కారంలో క్రీస్తు శరీర రక్తాలు నిజంగా ఉండటం, పాస్టరు దగ్గర ఒప్పుకోలూ క్షమాపణా, ఇవి అందులో తప్పులని ఎంచినవాటిలో ఉన్నాయి. చాలా సినడ్లు దాన్ని తిరస్కరించాయి. ఆ తగవు ముదిరి 1867లో విశ్వాస ప్రకటనకు కట్టుబడినవాళ్ళు జనరల్ కౌన్సిల్‌గా విడిపోయారు.

ఆ చీలిక మన గోదావరి దాకా వచ్చింది. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చింది 1842లో. చీలిక తర్వాత మనుషులూ డబ్బూ చాలక రాజమండ్రి మిషన్ క్షేత్రాన్ని ఆంగ్లికన్ మిషన్‌కు వదిలేయబోతుంటే, 75 ఏళ్ళు పైబడిన హయ్యర్ వెళ్ళి పెన్సిల్వేనియా సంఘాలను బతిమాలి ఆపాడు. రాజమండ్రి జనరల్ కౌన్సిల్ వైపు వెళ్ళింది, గుంటూరు, ఆ కౌన్సిల్ ఎవరి నుంచి విడిపోయిందో ఆ పాత వర్గం దగ్గరే ఉంది. అమెరికాలో ఆ రెండు వర్గాలూ 1918లో ఏకమయ్యాక, 1927లో ఇక్కడ ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. మా తాతల బాప్తిస్మాల వెనక ఇంత పెనుగులాట ఉందని తెలియకుండానే నేను కమిటీలో చెయ్యెత్తించాను.

తప్పు తెలిశాక కీబోర్డు కూడా తీసేయాలన్న ఆవేశం వచ్చింది. అదీ సరైంది కాదు. ఆచారాలు అన్నిచోట్లా ఒక్కలా ఉండనక్కర్లేదని, సువార్త విషయంలోనూ సంస్కారాల విషయంలోనూ ఏకమైతే చాలని 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ప్రకటనే చెప్తుంది. లూథర్ తానే జర్మన్ భాషలో పాటలు కట్టాడు, 1526లో జర్మన్ ఆరాధన క్రమం తెచ్చాడు. మా గుళ్ళల్లో పాడే పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు కర్ణాటక రాగాల్లో ఉన్నాయి. మార్పు మా రక్తంలోనే ఉంది. మార్చకూడనిది ఒకటుంది. వారమంతా తప్పులు మోసుకొచ్చిన మనిషికి, క్రీస్తు కోసం నీ పాపం క్షమించబడిందనే మాట మరొకరి నోటి నుంచి వినిపించాలి. దాన్ని తీసేస్తే, ఈ వారం నాకు కన్నీళ్ళు వచ్చాయా, ఒళ్ళు జలదరించిందా అని తన్ను తాను తడుముకోవడమే అతనికి మిగులుతుంది. ఆ పిల్లను నలిపేసింది అదే.

అవతలి సంఘంవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఇంటింటికీ వెళ్ళి ప్రార్థించడం, పిల్లలచేత బైబిలు రోజూ చదివించడం వాళ్ళను చూసి మేము నేర్చుకోవలసినవే. మా ఎన్నికల గొడవలూ ఆస్తుల తగాదాలూ చూసి విసిగిపోయిన పిల్లలు క్రమం పుస్తకం మీద విసుగొచ్చిందన్నారు. ఆ పుస్తకంలో ఏముందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

కమిటీ ముందు నా తప్పు ఒప్పుకున్నాను. ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన, విశ్వాస ప్రమాణం తిరిగి వచ్చాయి. ప్యాడ్స్ ఉన్నాయి, కొత్త పాటలూ ఉన్నాయి. ఆ తల్లి ఇంటికి వెళ్ళి, దేవుడు ఆ రోజే నీ బిడ్డని పట్టుకున్నాడమ్మా, ఇప్పటికీ వదల్లేదు అని చెప్పాను. ఆ మాట చెప్పడానికి ఆలస్యమైనందుకు క్షమించమన్నాను. కూతురు ఇంకా ఆ సంఘంలోనే ఉంది. క్రీస్తునే ఆరాధిస్తోంది, సంతోషం. కానీ తల్లీ కూతుళ్ళు ఒకే బల్ల దగ్గర మోకరించడం లేదు. ఆ నష్టం నేను పూడ్చలేను.

సంఘ కమిటీల్లో ఉన్న తోటివారికి ఒక్క మనవి. ఆరాధనలో ఏదైనా తీసేద్దామని తీర్మానం వచ్చినప్పుడు, ఆ భాగం అక్కడ ఎందుకుందో, ఎవరికి ఆసరాగా ఉందో ముందు కమిటీలో ఒక్కొక్కరినీ చెప్పమనండి. చెప్పలేకపోతే తీర్మానం వాయిదా వేసి, ప్రశ్నోత్తరాల పుస్తకం తెరిచి అందరూ కలిసి చదవండి.