ఇరువది మార్కులు

పరీక్ష యనగనే పిల్లలకు భయమును, పెద్దలకు దిగులును కలుగుట లోకసహజము. పిల్లల భయము పరీక్ష ముగియుటతో తీరును. పెద్దల దిగులు ఫలితములు వెలువడిన పిమ్మటను తీరదు. ఈ సంగతి మాకు చిరకాలముగ తెలిసినదే యైనను, 2024వ సంవత్సరము డిసెంబరు మాసమున నొక శనివారమునాడు మన పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశమున మరియొక విధముగ తెలిసివచ్చెను. ఆనాటి మాటలను, వానితోపాటు మా తప్పిదము నొకదానిని, ఈ సంచిక చదువు పెద్దలకును పిల్లలకును విన్నవించుట యుక్తమని తలంచితిమి.

ముందుగా విషయము నెరుగని వారికై కొంచెము చెప్పవలసియున్నది. మన తెలంగాణమున పదవ తరగతి విద్యార్థికి ఒక్కొక్క విషయమున 100 మార్కులుండగా, అందు 80 మార్కులు ప్రభుత్వము జరుపు పబ్లిక్ పరీక్షకును, తక్కిన 20 మార్కులు పాఠశాలలోని ఉపాధ్యాయులు వేయు ఇంటర్నల్ మదింపునకును చెందియుండెను. ఆ 20 మార్కులు ఏడాదిలో నాలుగు పర్యాయములు జరుగు నిర్మాణాత్మక మదింపుల సగటు. ప్రతి మదింపునందును పిల్లవాడు పాఠమున పాల్గొని స్పందించుట, వ్రాతపని, ప్రాజెక్టు పని, చిన్నపరీక్ష యను నాలుగింటికి ఐదేసి మార్కులు. 2024 నవంబరు నెలాఖరున ప్రభుత్వమువారు ఈ 20 మార్కులను తొలగించి, 100 మార్కులకును పబ్లిక్ పరీక్షయే యుండవలెనని ఉత్తరువు చేసిరి. అప్పటికి విద్యాసంవత్సరము సగము గడచియున్నందున, వెంటనే ఆ మార్పును మరుసటి యేటికి వాయిదా వేసిరి. ఈ రెండు వార్తలును ఒకదాని వెంట నొకటి రాగా తల్లిదండ్రుల మనస్సులు కలత చెందెను. అందుచేతనే ఆ శనివారము సభ నిండిపోయెను.

సూర్యాపేట వాస్తవ్యురాలగు ఒక తల్లి మొదట లేచి, "సంవత్సరమంతయు చదివిన పిల్లకు పరీక్షనాడు జ్వరము వచ్చిన నేమగును? పిల్ల ముఖమెరుగని వారు దిద్దు కాగితముపై నూటికి నూరును పెట్టుట న్యాయమా?" యని యడిగెను. ఆమె మాటకు పలువురు తలలూపిరి. కోదాడలో రహదారి ప్రక్కన దుకాణము నడపు ఒక తండ్రి ఇందుకు భిన్నముగ మాటలాడెను. "సారూ, బయట కొన్ని బళ్లల్ల అందరికీ ఇరువైకి ఇరువై ఏస్తున్నరంట. మీరు లెక్కజూసి పదిహేడు ఏస్తే మా పిల్లగాని గతేంగావాలె? అందరికీ ఒక్కటే పరీక్ష ఉంటే ఈ బాధ ఉండదు గద!" యనెను. ఆయన భయము ఊరక పుట్టినది కాదు. బాసర ట్రిపుల్ ఐటీలో ప్రవేశము పదవ తరగతి ప్రతిభను బట్టియే దొరకును. అచట ఒకటి రెండు మార్కుల తేడా ఒక బీదబాలుని జీవితమునే మార్చగలదు.

కోదాడనుండియే వచ్చిన మరియొక తల్లి, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున నున్న తన చెల్లెలి మాట చెప్పెను. అచట కొన్ని పాఠ్యవిషయములలో రాష్ట్రప్రభుత్వపు పరీక్ష హైస్కూలు విద్యార్థి గ్రేడులో నూటికి 30 వంతులుగ లెక్కకు వచ్చునట. ఆ 30 వంతులే మిక్కిలి యెక్కువని అక్కడి తల్లిదండ్రులు వాపోవుచున్నారట. ఇచట 80 వంతులుండగా మిగిలిన 20 వంతులకై మనము వాదించుకొనుచున్నాము. దేశము వేరైనను, తన బిడ్డను సరిగ తూచు త్రాసు ఏదియను తల్లి ప్రశ్న ఒక్కటియే.

అంతట మా సహోపాధ్యాయులలో పెద్దవారొకరు కరోనా కాలమును జ్ఞాపకము చేసిరి. 2020 మార్చిలో పరీక్షలు మొదలై నడుమ నిలిచిపోయెను; పిమ్మట ఇంటర్నల్ మార్కులను బట్టియే అందరును ఉత్తీర్ణులైరి. 2021లో పరీక్షలే జరుగలేదు. ఆ యేడు ఐదులక్షలకు పైబడిన విద్యార్థులలో రెండులక్షలకు పైగా పదికి పది గ్రేడు పాయింట్లు పొందిరి. ఇందరు సమానులైనచో ఎవరిని చేర్చుకొనవలెనో తెలియక, బాసరవారు ఆ సంవత్సరము పాలిసెట్ ర్యాంకులను ఆశ్రయింపవలసివచ్చెను. "మనము ఉదారముగ నిచ్చిన మార్కులకు విలువ లేకపోయినదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?" అని వారు ముగించిరి. సభ నిశ్శబ్దమయ్యెను. మేము తల వంచుకొంటిమి. ఏలయన, మా మనస్సున మరియొక సంగతి మెదలుచుండెను.

అంతకు రెండేండ్లకు పూర్వము మా గణితపు తరగతిలో మిర్యాలగూడనుండి వచ్చి మన వసతిగృహమున నుండి చదువుకొను బాలిక యొకతె యుండెను. ఆమె తండ్రి రైసుమిల్లులో హమాలీ. శాతములను గూర్చి ప్రాజెక్టు చేయుడని చెప్పగా, ఆ బాలిక దసరా సెలవులలో దినదినము మిల్లునకు పోయి, ఎన్ని బస్తాల ధాన్యము దిగినది, ఎంత బియ్యము వచ్చినది, ఎంత తవుడు, ఎంత ఊక మిగిలినది యను లెక్క వ్రాసికొని వచ్చెను. క్వింటాలు ధాన్యమునకు ప్రభుత్వపు లెక్క ప్రకారము పచ్చిబియ్యము 67 కిలోలు, ఉప్పుడు బియ్యము 68 కిలోలు రావలెను. ఆమె తాను చూచిన లెక్కను దానితో సరిపోల్చి, తేడా యెందుకు వచ్చెనో మిల్లువారి నడిగి మరీ వ్రాసెను. మేము సంతోషముతో పూర్తిమార్కులు వేసితిమి.

అదే తరగతిలోని ఒక బాలుడు బజారులో కొన్న పుస్తకమునుండి నాలుగు పుటలు దించి యిచ్చెను. మార్కులు పంపవలసిన దినమునకు ముందటి సాయంకాలము అతని తండ్రి మా యింటికి వచ్చి, చేతులు జోడించి నిలువబడెను. మేము మొగమాటపడితిమి. ఆ బాలునకును పూర్తిమార్కులే వేసితిమి. దయ చూపితిమని ఆ రాత్రి నిశ్చింతగ నిద్రించితిమి కూడ.

మరుసటి వారము ఆ బాలిక మా బల్లయొద్దకు వచ్చి మెల్లగ నడిగెను: "సార్, చేసినా చేయకున్నా మార్కులు ఒక్కటే అయితే, నేను మిల్లుకు పోయి లెక్క కట్టుడు దేనికి సార్?" ఆ మాటలో కోపము లేదు, తెలిసికొనవలెనను కోరిక మాత్రమే యుండెను. మేము ఏదియో చెప్పి పంపితిమి. ఆ సమాధానము ఆమెకు చాలలేదని మాకును తెలియును. ఆమె మార్కులను మేము తగ్గింపలేదు. కాని వాని విలువను తగ్గించితిమి. బాలునకు దయచేసితి మనుకొన్నది బాలిక సొత్తునుండి తీసి యిచ్చితిమి.

సభలో ఈ వృత్తాంతమును పేరులు చెప్పక యొప్పుకొంటిమి. వెనుక వరుసలో కూర్చున్న ఒకాయన లేచి నిలువబడెను. ఆయనయే ఆ బాలిక తండ్రి. తన కుమారుని విషయమై వచ్చియుండెను. ఆయన యిట్లనెను: "మార్కులు ఉంటే ఏంది, పోతే ఏంది సారూ. ఆ లెక్క రాసేటప్పుడు మా బిడ్డ నా పక్కన కూసొని నేను మోసే బస్తాలు లెక్క వెట్టింది. నా పనేందో అప్పుడే చూసింది. మా పిలగానితోటి గూడ అసొంటి పని చేయించుండ్రి." అంతకన్న నాటి సభలో మరెవ్వరును ఉత్తమముగ మాటలాడలేదు.

ఆ దినమునుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. మార్కులు వేయుటకు ముందు పిల్లల ప్రాజెక్టు పుస్తకములన్నియు తరగతిలో బల్లలపై పరచి, తల్లిదండ్రులను పిలిచి చూపుచున్నాము. ప్రతి విద్యార్థియు తన పనిని గూర్చి రెండు ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పవలెను. చేయని పని అచట దాగదు. చేసిన పని అచట మరుగుపడదు. కోదాడ దుకాణదారుని కుమారునకు మొదటి పర్యాయము పదునేడు మార్కులే వచ్చెను. తండ్రి పుస్తకము చూచి, తక్కినవారివి కూడ చూచి, మారుమాటాడక పోయెను.

2025లో ప్రభుత్వమువారు మరల ఆలోచించి, 2025-26వ విద్యాసంవత్సరమునకును ఆ 20 మార్కులను నిలిపిరి. ఇక ముందు నిలుచునో, తొలగునో నిర్ణయించుట మన చేతిలో లేదు. అవి యున్నంతకాలము వానిని నిజముగ వేయుట మాత్రము మన చేతిలోనిదే. తల్లిదండ్రులారా, ఉపాధ్యాయుని యింటికి మార్కులకై రాకుడు; పాఠశాలకు మీ బిడ్డ పని చూచుటకై రండు. ప్రియవిద్యార్థులారా, ఎనుబది మార్కులు దిద్దువారు మిమ్మెరుగరు. ఇరువది మార్కులు వేయు మేము మిమ్మెరుగుదుము. ఆ యెరుక మీకు రాయితీగాక గౌరవముగ నుండునట్లు చూచుకొనుట మన ఉభయుల బాధ్యత.