సీమలో సస్పెన్స్ అంతా వానదే!

కర్నూలు నడిబొడ్డున నిలబడి కొండారెడ్డి బురుజు ఎక్కడని అడిగితే నవ్వుతారు. ఎటు తిరిగినా కళ్లకు కనపడేది అదే మరి! బస్సు దిగిన కుర్రాళ్లు నేరుగా అక్కడికే వచ్చి ఫొటోలు దిగుతారు. వాళ్ల మనసులో మెదిలేది విజయనగర రాజుల కాలం నాటి కోట కాదు, 2003లో వచ్చిన ‘ఒక్కడు’ సినిమా. బురుజుకు అంతకంటే పాత కథ ఒకటుంది. అలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని తెచ్చి ఇందులో బంధించారట. ఆయన తుంగభద్ర అడుగున ఉన్న సొరంగం గుండా నడిచి, అవతలి ఒడ్డున ఉన్న అలంపురం చేరుకున్నాడట. చరిత్రకారులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా జనం మాత్రం ఈ కథను వదల్లేదు. చెరసాల, సొరంగం, నెత్తిమీద నది... థ్రిల్లర్ రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

కానీ తెలుగు థ్రిల్లర్ ఈ ఊళ్లవైపు చూసింది తక్కువ. అద్దెకు నవలలిచ్చే దుకాణాలు వీధివీధినా ఉన్న రోజుల్లో సీమ పాఠకులూ అందరిలాగే కొమ్మూరి సాంబశివరావు నవలలు పోటీపడి చదివారు. ఆయన డిటెక్టివ్ యుగంధర్ మకాం మద్రాసులో. మధుబాబు షాడో అయితే దేశదేశాలూ తిరిగాడు. యండమూరి ‘తులసిదళం’ చదివి రాత్రిళ్లు దీపం ఆర్పడానికి భయపడ్డవాళ్లు అప్పట్లో చాలామందే. పేజీ తిప్పించే విద్యలో ఆ రచయితలకు వంక పెట్టలేం. ఇప్పుడు మళ్లీ తిరగేస్తే మాత్రం ఒక లోటు తెలుస్తుంది. నేరం గుర్తుంటుంది, నేరగాడు గుర్తుంటాడు. అది జరిగిన నేల గుర్తుండదు. వీధి పేరు మారిస్తే ఆ కథ ఏ ఊళ్లోనైనా జరిగిపోతుంది.

ఆ తర్వాత సీమ వంతు వచ్చింది, అదీ సినిమా రూపంలో. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, ఆ మరుసటి ఏడు ‘ఆది’, ‘ఇంద్ర’. సుమోలు గాల్లోకి లేచాయి, వేటకొడవళ్లు తళతళలాడాయి. కడప, కర్నూలు పేర్లు చెబితే చాలు, ‘బాంబులు తెచ్చారా?’ అని హాస్యమాడటం బయటి ఊళ్లలో అలవాటైపోయింది. ముఠా తగాదాలు అబద్ధమని ఇక్కడ ఎవరూ అనరు. వాటివల్ల తాళ్లు తెగిన ఇళ్లు ఊరికి ఒకటో రెండో ఉన్నాయి. అసలు బాధ వేరే. పల్లెలో పాడుబడ్డ బావిని, అమ్ముకున్న ఎద్దులను, వలసపోయిన కొడుకులను వదిలేసి కొడవలి ఒక్కటే చూపిస్తే ఆ కథ సగమే అవుతుంది. అనంతపురం రచయిత బండి నారాయణస్వామి ‘గద్దలాడతండాయి’లో ఫ్యాక్షన్‌ను తీసుకుని మిగతా సగం కూడా చెప్పారు. హండే పాలకుల కాలం మీద రాసిన ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులో మనుషులు మరీ ఎక్కువ, ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవడానికి కొంచెం కష్టపడాలి. అయినా పుస్తకం మూశాక ఆ నేల మాత్రం కళ్లముందు నుంచి పోదు.

నిజానికి సీమలో ఉత్కంఠకు కొడవలి అక్కర్లేదు. వాన చాలు. కర్నూలు జిల్లాలోనే తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరిలో వెళ్తే విషయం అర్థమవుతుంది. వాన కురిసి వెలిస్తే మట్టి కడుక్కుపోయి ఎర్రచేలల్లో రంగురాళ్లు పైకి తేలుతాయి. వజ్రం దొరుకుతుందన్న ఆశతో ఎక్కడెక్కడి నుంచో జనం సద్దిమూటలు కట్టుకుని వచ్చేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుం వంచి నేలనే చూస్తూ నడుస్తారు. అదే వానకు పక్క చేలో రైతు విత్తనం వేస్తుంటాడు. ఇద్దరూ ఆడేది ఒకే జూదం. ఆ చేలకు దగ్గర్లోనే, ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వజ్రాల కోసం వచ్చినవాళ్లలో అటువైపు చూసేవాళ్లు ఎందరో!

కర్నూలులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బయల్దేరితే కడప సుమారు 200 కిలోమీటర్లు. దారిలో నంద్యాల. 1928 నవంబరులో దత్తమండలాల సభ జరిగిందీ, ‘రాయలసీమ’ అన్న పేరు ఖాయమైందీ ఇక్కడే. నల్లరేగడి చేల మధ్య అక్కడక్కడా కర్నూలు-కడప కాలువ పలకరిస్తుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి ఒక ఇంగ్లిషు కంపెనీ తవ్వించిన కాలువ ఇది. పడవలు నడిపి సొమ్ము చేసుకోవాలనుకున్న కంపెనీ నష్టాల్లో కూరుకుపోతే 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటి మైదుకూరు చేరాక తూర్పుకు తిరిగితే పోరుమామిళ్ల. ఇక్కడి చెరువు శాసనం చదివి తీరాల్సిందే. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు దాన్ని. చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాశారు. ఆరున్నర శతాబ్దాల కిందటే ఈ నేల మీద ఏది దొరకనిదో, దేనికోసం అంత లెక్క అవసరమో ఆ రాళ్లే చెబుతాయి.

చెరువు వెనక నల్లమల కొండలు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ నవల జరిగేది ఈ కొండల్లోనే. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన పుస్తకం. కథ చిన్నది. ఊళ్లో కరువు. జీవాలకు గడ్డి లేదు, తాగడానికి నీళ్లు లేవు. గొర్రెల కాపరులు మందలను తోలుకుని అడవికి పోవాలి. ఆ పోవడాన్నే కొండపొలం అంటారు. చదువు అయిపోయినా ఉద్యోగం రాని రవి తండ్రికి తోడుగా బయల్దేరతాడు. అడవిలో పెద్దపులి ఉంది, చెట్లు నరికే దొంగలున్నారు. అన్నింటికంటే ముందు, సాయంత్రానికి మందకు నీళ్లు దొరుకుతాయా లేదా అన్న ప్రశ్న ఉంది. పులి వచ్చినప్పటి కంటే ఎండిన మడుగు ఎదురైనప్పుడే పాఠకుడి గుండె ఎక్కువ జారుతుంది. గడ్డి పేర్లు, జీవాల రోగాలు, కాపరుల మాటల దగ్గర కథ కొంచెం నెమ్మదిస్తుంది. కోస్తా పాఠకుడు యాసకు తడబడతాడు కూడా. ఓపిక పట్టాలి. నవల బలమంతా అక్కడే ఉంది. ముగింపు మాత్రం కొంచెం తీపెక్కువ. అడవిలో నేర్చుకున్న ధైర్యంతో కుర్రాడు అన్నీ గెలిచేయడం కాస్త సినిమాను తలపిస్తుంది. అన్నట్టే 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమా వచ్చింది. నవలలో లేని ఓబులమ్మ అందులో కథానాయిక అయ్యింది. పాటలు బాగానే ఉన్నాయి గానీ, దప్పిక మాత్రం తెరమీద పుస్తకంలో కనిపించినంత కనిపించదు.

మళ్లీ మైదుకూరు వచ్చి పడమటికి వెళ్తే ప్రొద్దుటూరు. బంగారం అంగళ్లకు పేరుబడ్డ ఊరు. ఈ ఊరి డాక్టర్ ఎం.వి.రమణారెడ్డి 1983లో ఎమ్మెల్యే అయ్యారు, ‘రాయలసీమ కన్నీటి గాథ’ రాశారు, 2021లో కన్నుమూశారు. ఎర్రమట్టి సమస్యలు రాసిన ఆ చేత్తోనే ఫ్రెంచి ఖైదీ ఆంరీ షారియేర్ పదేపదే జైళ్ల నుంచి పారిపోయిన కథ ‘పాపియాన్’ను ‘రెక్కలు చాచిన పంజరం’ పేరుతో తెలుగు చేశారు. పేరు పెట్టడంలోనే సగం గెలిచారనిపిస్తుంది. నది కింద సొరంగంలో నడిచి తప్పించుకున్న కొండారెడ్డి కథ విని పెరిగే ప్రాంతంలో ఈ పుస్తకం పరాయిదిగా ఎలా అనిపిస్తుంది?

కడప పాఠకుడితో మాత్రం జాగ్రత్త! అంత సులువుగా మెచ్చుకోడు. ఆ పేరు తెచ్చినవారు రాచమల్లు రామచంద్రారెడ్డి, అందరికీ రా.రా. సింహాద్రిపురం దగ్గరి పైడిపాలెంలో 1922లో పుట్టారు. 1968లో కడప నుంచి ‘సంవేదన’ పత్రిక తెచ్చారు. కొన్ని సంచికలే వచ్చినా ఏళ్ల తరబడి గుర్తుండే రకం. రచయిత ఎంత పెద్దవాడన్నది ఆయనకు పట్టేది కాదు. చదివినవాడి అనుభూతిని రచన ఏం చేసిందన్నదే కొలత. ఆయన పుస్తకం ‘అనువాద సమస్యలు’కు 1988లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అది చదివినవాళ్లకు ఆ తర్వాత ఏ అనువాద నవలా అంత తేలిగ్గా రుచించదు. అదొక చిక్కు!

ఈ చదువు వ్యసనానికి కడపలో పాత విత్తనమే ఉంది. 1820లో కుంపిణీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్, తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా శిథిలమైతే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి, అదే చోట గ్రంథాలయం లేపారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం నీడన ఉంది. పరిశోధకులే కాదు, ఊరకే చదువుకోవాలనుకునేవాళ్లూ వెళ్లొచ్చు.

సీమలో ఏ గ్రంథాలయానికి వెళ్లినా బల్లల దగ్గర ఎక్కువగా కనిపించేది పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకున్న కుర్రాళ్లే. చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు, సద్ది డబ్బా పక్కనే పెట్టుకుని చదువుతుంటారు. ‘కొండపొలం’లో రవి వయసు వాళ్లదే, కష్టమూ వాళ్లదే.