మూడవ పాదం

ఈ వార్షిక సంచికకు ఏటేటా ఏదో ఒక సాహిత్య విషయం వ్రాసి ఇవ్వడం మాకు అలవాటు. ఈసారి సంపాదకవర్గపు విద్యార్థులు వచ్చి అడిగినప్పుడు ఛందస్సును గూర్చి గాని, కవులను గూర్చి గాని కలం సాగలేదు. రెండేళ్లుగా మనసులో మెదులుతున్న ఒక సంగతి అడ్డు తగిలింది. అది గంజాయిని గూర్చినది. మేము తెలుగు చెప్పుకొనే వారమే గాని వైద్యులము కాము. అయినా ఆ విషయం తెలుసుకోక తప్పని పరిస్థితి మాకు ఏర్పడింది.

మా తరగతిలో ఒక విద్యార్థి ఉండేవాడు. పేరు చెప్పము. మనలో చాలామంది వలెనే ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. పద్యం ఒకసారి చదివి వినిపిస్తే రెండవసారికి అప్పజెప్పేవాడు. ఉత్పలమాలను గజల్ వలె రాగం తీసి పాడి తరగతినంతా నవ్వించేవాడు, మేమూ నవ్వేవారము. రెండవ సంవత్సరం వచ్చేసరికి వెనుక బల్లకు మారాడు. కన్నులు ఎర్రబారి ఉండేవి. పరీక్షల కోసం మేలుకొంటున్నాడు కాబోలు అనుకున్నాము. ఒకనాడు ఉదయం చెప్పిన పద్యాన్ని మధ్యాహ్నం చెప్పమన్నాము. రెండు పాదాలు చెప్పి మూడవ పాదం వద్ద ఆగిపోయాడు. ఆగి, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుకు మాకు కోపం వచ్చింది. "చదువు అక్కరలేని వానికి ఈ బల్ల ఎందుకురా?" అని అందరి ఎదుటా అన్నాము. పుస్తకాలు తీసుకొని వెళ్లిపోయాడు. సోమరితనమనుకున్నాము, పొగరనుకున్నాము. అసలు కారణం మాత్రం తోచలేదు.

నాలుగు నెలల తరువాత అతని తల్లి అధ్యాపకుల గదికి వచ్చారు. "కూర్చోండి ఆపా" అన్నా కూర్చోలేదు. "సార్, వీడు రాత్రిళ్లు నిద్రపోడు. గోడకవతల వాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. కిటికీలన్నీ మూసేస్తాడు. ఎవరైనా ఏమైనా చేశారేమోనని దర్గాకు తీసుకుపోయాము, తాయెత్తు కట్టించాము. నిన్న జేబులో ఇది దొరికింది" అని మడిచిన కాగితం ఒకటి బల్లమీద పెట్టారు. విప్పగానే వాసన పట్టాము. బాల్యంలో ఉరుసు రాత్రులలో ఫకీర్ల చిలుం దగ్గర తగిలిన వాసనే అది.

మేమే వెంట ఉండి మానసిక వైద్యుని వద్దకు తీసుకుపోయాము. ఆయన ముందుగా మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు. తరువాత చిన్ననాటి పద్యం ఏదైనా చెప్పమన్నాడు. వేమన పద్యం ఒకటి గడగడ వచ్చింది, ఒక్క అక్షరం జారలేదు. అయిదు నిమిషాలకు ఆ మూడు మాటలు అడిగితే ఒక్కటే చెప్పగలిగాడు. మా తరగతిలో జరిగినది మాకప్పుడు అర్థమైంది.

గంజాయిలో మత్తు కలిగించే ముఖ్య పదార్థాన్ని టి.హెచ్.సి. అంటారు. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు రఫాయెల్ మెషూలం, యెహియెల్ గవోనీ దానిని వేరుచేసి నిర్మాణం తేల్చారు. 1992లో మెషూలం బృందమే అటువంటి పని చేసే పదార్థం మన మెదడులోనే సహజంగా పుడుతున్నదని కనుగొని, సంస్కృతంలోని ఆనంద శబ్దాన్ని తీసుకొని దానికి 'ఆనందమైడ్' అని పేరు పెట్టింది. తెలుగు పంతులము గనుక ఈ పేరు వద్ద మేము కొంతసేపు ఆగాము. ఆ ఆనందం అవసరమైనంత పుట్టి, పని తీరగానే కరిగిపోతుంది. గంజాయి అవే తాళాలలో తన దొంగ తాళపుచెవిని దూర్చి గంటల తరబడి తీయదు. అప్పుడే విన్నదానిని జ్ఞాపకంగా మలిచే హిపోక్యాంపస్ అనే భాగంలో ఆ తాళాలు దట్టంగా ఉన్నాయి. అందుచేత పాతది చెక్కుచెదరదు, కొత్తది అంటదు. విద్యార్థికి కొత్తది అంటకపోతే ఇక మిగిలేదేమిటి?

దేహానికి కలిగేవి పైకి చిన్నవిగానే కనబడతాయి: గుండె వడిగా కొట్టుకోవడం, నోరు ఎండిపోవడం, వేళగాని వేళ ఆకలి, పది నిమిషాలు అరగంటగా తోచడం. పొగ గనుక ఊపిరితిత్తులకు బీడీ చేసే హాని కూడా ఉన్నది. ఈ పదార్థం కొవ్వులో నిలువ ఉంటుంది; నిత్యం తాగేవారు మానిన తరువాత కూడా వారాల తరబడి మూత్రపరీక్షలో బయటపడుతుంది.

గోడకవతలి మాటల సంగతి వేరు. స్వీడన్‌లో సైన్యపు పిలుపుకు వచ్చిన 45,570 మంది యువకులను పదిహేనేళ్లు గమనించి 1987లో ఒక నివేదిక ప్రకటించారు. ఆ పిలుపు నాటికే యాభైసార్లకు మించి గంజాయి వాడిన వారిలో స్కిజోఫ్రీనియా, వాడని వారికంటె ఆరు రెట్లు కనిపించింది. గంజాయే కారణమా, ఆ బీజం ఉన్నవారే అటు మొగ్గుతారా అన్న వాదన ఆనాటి నుండీ ఉన్నది. తాగిన వారిలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదన్నదీ నిజమే. భయపెట్టడానికి అబద్ధం చెప్పడం మాకిష్టం లేదు. అయితే ఎవరికి వస్తుందో ముందుగా చెప్పగల పరీక్ష లేదు. వైద్యుడు అడిగితే, తన తమ్మునికి కూడా ఒకప్పుడు ఇటువంటిదే వచ్చిందని ఆ తల్లి మెల్లగా చెప్పారు. ఆ ఇంట ఆ మాట ఎవరూ ఎత్తేవారు కారట.

"ఇది ఆకే కదా సార్, ఫకీర్లు తాగరా, శివరాత్రికి భంగు తాగరా?" అని అతడు మాతో వాదించాడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూమొగ్గలు లేని ఉత్త ఆకును గంజాయి నిర్వచనం వెలుపల ఉంచిన మాట వాస్తవమే. కాని ఆ కాగితంలో మేము చూసినది జిగురు పట్టిన పూమొగ్గలను. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టినప్పుడు పత్రికలో ఆ వార్త చూసి, మనకేమిలే అని పేజీ తిప్పిన వారము మేము.

మానిన మొదటి రెండు వారాలు ఆ ఇంట అందరికీ కష్టంగా గడిచాయి. నిద్ర లేదు, అన్నం సయించదు, చెల్లెలిమీద కూడా కసిరేవాడు. నెల దాటిన తరువాత భోజనానికి వచ్చి కూర్చున్నాడని తల్లి ఫోను చేశారు. మందులు ఇంకా వాడుతున్నాడు. ఒక సంవత్సరం చదువు పోయింది.

ఈ ఏడు తిరిగి చేరాడు. మొదటి రోజే పిలిచి, ఆనాడు తరగతిలో అన్నమాట తప్పని, క్షమించమని అడిగాము. తల వంచుకొని, "మీరేమన్నారో నాకు గుర్తులేదు సార్" అన్నాడు. దానికి ఏమని బదులు చెప్పాలో మాకు తోచలేదు.

పోయిన వారం అడగకుండానే గదికి వచ్చి ఆనాటి పద్యమే మొదలుపెట్టాడు. రెండు పాదాలు నడిచాయి. మూడవ పాదం వద్ద ఆగాడు. మాకు నాలుక చివర ఉన్నది, అయినా అందించలేదు. కిటికీ వైపు చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. గంట కొట్టారు. పై తరగతివారు తలుపు దగ్గర నిలబడ్డారు. వారిని ఆగమని చేయి చూపి, మేము కూర్చునే ఉన్నాము.